నిమ్మకాయ బ్రేకు

ఐదో తరగతిలో నేను మూడేళ్లు నిలబడ్డాను. తర్వాత జీవితమంతా రకరకాల బండ్లు నడిపాను గానీ, ఏ బండీ నా అంత గట్టిగా ఒకేచోట నిలబడటం చూడలేదు. అయ్యవారు వెనక నుంచి బెత్తంతో ఎంత తోసినా చక్రం అంగుళం కదలలేదు. చివరికి మా నాయన విసిగిపోయి, "వీడు ఈ బాటలో పోయే బండి కాదులేప్పా" అని అయ్యవారికి చెప్పి నన్ను బడి మాన్పించి, ధర్మవరంలో ఒక లారీ షెడ్డులో వదిలేశాడు. అందుకని చదువు గురించి నన్నేమీ అడగొద్దు. ఆగడం గురించి అడగండి, చెబుతాను. సరైన చోట ఆగడం చేతగాక, కరువు కాలంలో ఒక ముసలమ్మ ఏడాది తిండిలోకి కారు తోలినవాణ్ని నేనే.

షెడ్డులో కొన్నాళ్లు నట్లు కడిగాను, కొన్నాళ్లు లారీల కింద పడుకున్నాను, చివరికి స్టీరింగు ముందు కూర్చున్నాను. అరవైల మొదట్లో పట్టుచీరల సావుకారి ఒకాయన కారు కొని డ్రైవరు కోసం వెతుకుతుంటే షెడ్డు మేస్త్రీ నన్ను చూపించాడు. "వీనికి నోరు జాస్తి సావుకారూ. కానీ బండి బాగా తోలుతాడు" అన్నాడు. సావుకారి నన్ను ఎగాదిగా చూసి, "నోరు పెట్రోలు తాగదు గదా, ఉండనీలే" అన్నాడు. ఉద్యోగం అలా ఖాయమైంది.

ఆ కారు యుద్ధానికి ముందు పుట్టిన విలాయతి కారు. ఒక దొర నుంచి బళ్లారి కాంట్రాక్టరుకు, ఆయన నుంచి ఒక సినిమా హాలు ఓనరుకు, ఆయన నుంచి మా సావుకారికి వచ్చింది. చేయి మారినప్పుడల్లా ఒక అవయవం పోగొట్టుకుంటూ వచ్చింది. దొర దగ్గర గడియారం పోయింది. కాంట్రాక్టరు దగ్గర వైపరు పోయింది. వైపరు లేదని మేమెవరమూ బాధపడలేదు. అనంతపురం జిల్లాలో వాన పడితే అద్దం తుడుచుకుంటూ పోయేవాడెవడు? కారు ఆపి, దిగి, తడిసేవాళ్లం. సినిమా హాలు ఓనరు దగ్గర ఎడమ తలుపు గడియ పోయింది. మగ్గం మీద తెగి పనికిరాకుండా పోయిన పట్టుపోగులు ఏరించి, పురి పెట్టించి, ఆ తాడుతో సావుకారి తలుపు కట్టించాడు. పట్టుతాడుతో తలుపు కట్టుకున్న కారు ప్రపంచం మొత్తంలో అదొక్కటే అయి ఉంటుంది. ఇక హ్యాండ్ బ్రేకు. దాని తీగ ఎప్పుడో తెగిపోయింది. సావుకారి దానికి గొడుగు తగిలించుకునేవాడు.

అయినా ఆ కారంటే నాకు పిచ్చి. పొద్దున్నే నాలుగు సార్లు హ్యాండిలు తిప్పి, ఐదోసారి అది దగ్గి, తుమ్మి, గొంతు సవరించుకుని పాడటం మొదలుపెట్టేసరికి నాకు కాఫీ అక్కర్లేకపోయేది. నీళ్లున్న రోజు నీళ్లతో, లేని రోజు ఉత్త గుడ్డతో తుడిచేవాణ్ని. బానెట్టులో నా మొహం కనబడేదాకా తుడవడం నా అలవాటు. కనబడ్డాక ఆ మొహం ఏమంత గొప్పగా ఉండేది కాదు, అది కారు తప్పు కాదు.

సావుకారి అనంతపురంలో కొత్త అంగడి పెట్టాడు. కానీ తన ఇంట్లో, తన మంచం మీద తప్ప నిద్ర పట్టని మనిషి. అందుకని రోజూ పొద్దున ధర్మవరం నుంచి పాతిక మైళ్లు పోవడం, సాయంత్రం పొద్దుగుంకక ముందే పాతిక మైళ్లు రావడం. ఇప్పుడు ఇది అందరూ చేసే పనే. అప్పుడు మా వీధికి అదొక తమాషా. కారు కదులుతుంటే అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒకడు రోజూ అడిగేవాడు:

"ఏం సావుకారూ, మళ్లీ రాత్రికి వచ్చేస్తావు గదా?"

"వచ్చేస్తాప్పా."

"వచ్చేదానికైతే పోయేది ఎందుకు? ఊరక ఈడే ఉంటే సరిపాయ."

నలభై ఏళ్ల తర్వాత, పట్నాల్లో ఉద్యోగానికి పోయే రోడ్డు మీద గంట సేపు కదలకుండా నిలబడిపోయిన కార్ల వరుసలో కూర్చున్నప్పుడల్లా నాకు ఆ ముసలాయన గుర్తొస్తాడు. ఆయన అడిగినదానికి ఇప్పటికీ ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ పాతిక మైళ్లలో నేను చూసిన మూర్ఖుల్ని లెక్కపెట్టడానికి ఐదో తరగతి చదువు చాలదు. ఎడ్లబండి మీద పడుకుని నిద్రపోయేవాడొకడు. ఎద్దులకు దారి తెలుసని వాడి ధైర్యం. ఎద్దులకు దారి తెలుసు నిజమే, కానీ ఆ దారి రోడ్డు నడిమధ్యన అని కూడా వాటికి తెలుసు. హారను కొడితే ఎద్దులు పక్కకు తప్పుకునేవి, వాడు లేచి నన్ను తిట్టి మళ్లీ పడుకునేవాడు. కారు చప్పుడు వినబడగానే రోడ్డుకు ఈ పక్క క్షేమంగా నిలబడి ఉన్నవాడు ఆ పక్కకు పరుగెత్తడం ఇంకొక రకం. ఎందుకు పరుగెత్తావని ఒకణ్ని ఆపి అడిగాను. "నా గొర్రెలు ఆ పక్క ఉండాయి" అన్నాడు. గొర్రెలన్నీ నిమ్మళంగా మేస్తున్నాయి. వాటికున్న తెలివి కాపరికి లేదు.

బస్సు డ్రైవర్ల సంగతి చెప్పకపోవడమే మేలు. పైన టాపు మీద ఇరవై మంది, లోపల అరవై మంది, ఫుట్ బోర్డు మీద దేవుడి దయ. కండక్టరు "రైట్" అంటే పోవడం, "హోల్డాన్" అంటే ఆగడం. మధ్యలో కళ్లు, చెవులు, బుర్ర మూడూ కండక్టరు దగ్గర తాకట్టు.

ఇక మా సావుకారి. బండి క్షేమం గురించి ఆయనకున్నంత శ్రద్ధ నేను ఇంకెవరిలోనూ చూడలేదు. ముందు బంపరుకు ఎండుమిరపకాయలు, నిమ్మకాయ గుచ్చిన దండ. వెనక బంపరుకు పాత చెప్పు. బానెట్టు మీద పసుపు, హెడ్ లైట్ల మీద కుంకుమ బొట్లు. ఆ బొట్ల పుణ్యమా అని సాయంత్రం కాస్త ఆలస్యమైతే రోడ్డు మీద రెండు ఎర్రటి కళ్లు పడేవి, ఎదురొచ్చే ఎద్దులు బెదిరిపోయేవి. అమావాస్యకు బంపరు మీద కొబ్బరికాయ కొట్టేవాడు. ఎంత భక్తితో కొట్టేవాడంటే బంపరుకు సొట్ట పడేది, కాయ పగిలేది కాదు. ప్రతి మంగళవారం నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించి తొక్కించేవాడు. ఇన్ని చేసిన మనిషి బ్రేకు బాగు చేయించమంటే మాత్రం చెవిటివాడయ్యేవాడు.

బ్రేకు సంగతి ఇదీ: లోపల రబ్బరు వాషర్లు అరిగిపోయి నూనె కారిపోతుండేది. ఒకసారి తొక్కితే కాలు నేలకు తగిలేది. రెండోసారీ అంతే. గబగబా నాలుగు సార్లు తొక్కి ఐదోసారి నొక్కి పెడితే అప్పుడు పట్టేది. వాషర్లు బెంగుళూరు నుంచి తెప్పించాలని మేస్త్రీ చెప్పాడు. నేను పోయి సావుకారికి చెప్పాను.

"పోయేదానికి దుడ్లు పెట్టొచ్చు రా," అన్నాడాయన, పట్టుచీర మడత విప్పుతూ. "పెట్రోలు పొయ్యి, పోతాది. టైరు వెయ్యి, పోతాది. నిలబడేదానికి ఎవడన్నా దుడ్లు పెడతాడా? ఊరక వదిలేస్తే ఏ బండైనా నిలబడుతాది."

"దిగుడులో నిలబడదు సావుకారూ."

"దానికే గదా నిమ్మకాయలు తొక్కిస్తాండేది."

ఇందులో నా తప్పేమీ లేదని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అది అబద్ధం. కారిపోయిన బ్రేకు నూనెకు బదులు నేను ఆముదం పోసేవాణ్ని. మా వైపు బండ్లోళ్లందరం చేసే పనే అది. తలకు, పేగులకు, ఎడ్లబండి ఇరుసుకు, కారు బ్రేకుకు ఒకటే సీసా. పైగా షెడ్డులో కూర్చుని గొప్పలు చెప్పేవాణ్ని. "బ్రేకు తొక్కి బండి ఆపేది ఎవడైనా చేస్తాడన్నా. బ్రేకు లేని బండి ఆపేవాడు డ్రైవరు" అనేవాణ్ని. నలుగురు నవ్వేవాళ్లు. నలుగురు నవ్వితే నాకు ఇంకేం అక్కర్లేదు, వాషర్లు కూడా.

దీనికి తోడు ఇంకొక విద్య. సగం దారిలో ఒక మిట్ట ఉండేది. అనంతపురం నుంచి తిరిగొచ్చేటప్పుడు మిట్ట కొన మీద ఇంజను ఆపేసి, గేరు తీసేసి వదిలితే కారు ఉత్త గాలి చప్పుడుతో మైలు దూరం దిగిపోయేది. పెట్రోలు మిగిలేది. ఆ జిల్లాలో స్టీరింగు పట్టిన ప్రతివాడూ అలాగే దిగేవాడు. ఇంజను ఆపకుండా దిగేవాణ్ని మేము దుబారా మనిషి అనేవాళ్లం. దిగుడు చివర ఒక మలుపు, మలుపు దాటగానే కొంచెం సమంగా ఉన్న రోడ్డు, ఆ తర్వాత వంక మీద ఇరుకు కల్వర్టు. కల్వర్టుకు గోడల్లేవు. కింద వంకలో నీళ్లు లేవు, గుండ్లు మాత్రం ఎద్దులంతవి ఉండేవి. మలుపు దగ్గర నేను తొక్కుడు మొదలుపెట్టేవాణ్ని: ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదుకు కారు నెమ్మదించేది. కల్వర్టు మీదికి వచ్చేసరికి నడిచే మనిషిలా వెళ్లేది. సావుకారి వెనక కూర్చుని, "చూస్తివా, నిమ్మకాయ మహిమ" అనేవాడు.

ఆ కల్వర్టుకు ఇవతల, సమంగా ఉన్న ఆ రోడ్డు పక్కనే ఒక ముసలమ్మ గుడిసె ఉండేది. మొగుడు లేడు, బిడ్డలు లేరు, రెండెకరాల మెట్ట. నేను చెప్పే ఆ సంవత్సరం వానలు మొహం చాటేశాయి. అందరి శెనక్కాయ చేన్లతో పాటు ఆమెదీ మాడిపోయింది. చివర్లో, ఇక రాదనుకున్నాక, ఒక వాన పడింది. దానికి ఆమె ఉలవలు చల్లింది. కరువు మిగిల్చిన పంట అదొక్కటే.

ఒక రోజు పొద్దున మిట్ట ఎక్కబోయే ముందు రేడియేటరు ఖాళీ అని కనిపెట్టాను. అదీ కారుతూ ఉండేదే. గుడిసె ముందు కారు ఆపి, డబ్బా పట్టుకుని దిగాను.

"అవ్వా, ఒక బిందె నీళ్లు పొయ్యి. కారు దప్పిక మీద ఉండాది."

"మేమూ దప్పిక మీదనే ఉండాం. మా మాదిరి రెండు మైళ్లు నడిచి పోయి తెచ్చుకుంటాదేమో అడుగు దాన్ని."

"ఇది ఎట్లాంటి బండో తెల్సా నీకు? ముప్పై గుర్రాల బలం దీనికి."

ముసలమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. మిరపకాయల దండ చూసింది, పట్టుతాడు చూసింది, పాత చెప్పు చూసింది.

"ముప్పై గుర్రాలుండి ఈ మిట్ట ఎక్కేదానికి నా బిందె కావాల్నా?"

వెనక సీట్లో సావుకారి కిసుక్కున నవ్వాడు. నాకు కాలింది. నా కారును అంటే నన్ను అన్నట్టే.

"పోస్తాలే," అంది ముసలమ్మ. "ఊరక పొయ్యను. ఆడ రోడ్డు మీద ఉలవకట్టె పరిచినా చూడు. దాని మీద అటు పది సార్లు, ఇటు పది సార్లు మెల్లగ తోలు. నాకు ఎద్దుల్లేవు. కరువుకు అమ్ముకున్యా."

ఉలవ చెట్లను కాయలతో సహా పీకి, ఎండబెట్టి, రోడ్డుకు అడ్డంగా మోకాలెత్తు పరిచింది. పక్కన ఇంకా మనిషెత్తు కుప్ప. వచ్చే పోయే బండ్లు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలుతాయి. అక్కడి రైతులందరిదీ ఇదే పద్ధతి. ప్రభుత్వం తారు రోడ్డు వేసింది తమ కళ్లం కోసమే అని వాళ్ల నమ్మకం. నాకు ఒళ్లు మండింది. విలాయతి కారు, ఒక దొర ఎక్కి తిరిగిన కారు, ఉలవలు తొక్కాలా?

"రోడ్డేమన్నా మీ నాయన కళ్లమా అవ్వా?"

"మా నాయన కళ్లమే," అందామె, చెయ్యి చాపి చూపిస్తూ. "రోడ్డేసేటప్పుడు ఈ కిందికే పోయె. అందుకే పైన పరిచినా."

 వెనక నుంచి సావుకారి, "తోలరా, తోలు. ఈ కాలంలో నీళ్లు ఊరక ఎవరు పోస్తారు?" అన్నాడు.

తోలాను. అటు పది, ఇటు పది. ముసలమ్మ పక్కన నిలబడి, "ఆ మూల తొక్కలే, ఆ మూల" అని ఎద్దును అదిలించినట్టు అదిలిస్తూ ఉంది. అదే సమయానికి అనంతపురం బస్సు రావాలా! టాపు మీద ఇరవై మంది, లోపల అరవై మంది కిందికి మీదికి చూసి నవ్వడం మొదలుపెట్టారు. ఫుట్ బోర్డు మీద నుంచి కండక్టరు అరిచాడు:

"ఏమన్నా, ఎద్దు కొత్తదా? పళ్లు లెక్కపెట్టి కొన్యారా?"

ఆ మాట రెండు రోజుల్లో ధర్మవరం షెడ్డుకు చేరింది. నలుగురు నవ్వారు. ఈసారి నవ్వు నాకు నచ్చలేదు. నోరు ఎక్కువ ఉన్నవాడికి ఇతరుల నోరు పడదు, అది నా జబ్బు.

ఆ రోజు నుంచి ముసలమ్మ మీద పగ పట్టాను. నీళ్ల కోసం ఆమె మొహం చూడకూడదని అనంతపురంలోనే రెండు డబ్బాలు నింపి డిక్కీలో పెట్టుకునేవాణ్ని. సాయంత్రం దిగుడులో వచ్చేటప్పుడు, ఆమె చేటతో ఉలవలు తూర్పారబడుతుంటే, కావాలని ఉలవకట్టె తొక్కకుండా పక్కనున్న మట్టిలోకి దించి దుమ్ము లేపుకుంటూ పోయేవాణ్ని. తూర్పారబట్టిన గింజల మీద ఆ దుమ్మంతా పడేది. ఆమె చేట పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచి చెరిగేది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే నేను నాలుగు మాటలు అని తృప్తి పడేవాణ్ని. ఆ అవకాశం కూడా ఇవ్వని మనిషి.

ఒకరోజు మాత్రం కారుకు ఎదురు వచ్చి నిలబడింది. నేను ముందే తొక్కుడు పూర్తి చేసి ఉన్నాను గనుక ఆపగలిగాను.

"ఏమప్పా, నీకు నా మింద కోపముంటే నా మింద దుమ్ము పొయ్యి. ఉలవల మింద ఎందుకు? మళ్లీ వానదాకా నా పొట్టకు ఉండేది ఇవే."

"రోడ్డు మింద పెట్టుకుంటే దుమ్ము పడకుండా పన్నీరు పడుతుందా అవ్వా?" అన్నాను. ఆ జవాబు అప్పుడు నాకు చాలా గొప్పగా అనిపించింది. మిట్ట దిగిన ప్రతిసారీ మనసులో చెప్పుకుని నవ్వుకున్నాను, ఒక వారం రోజులు.

వారం తిరిగేసరికి మంగళవారం వచ్చింది. పొద్దున నాలుగు నిమ్మకాయలూ తొక్కించాం. ఒకటి పగలకుండా పక్కకు జారిపోతే సావుకారి దాన్ని ఏరి తెచ్చి మళ్లీ పెట్టి తొక్కించాడు. బ్రేకులో ఆముదం పోద్దామని చూస్తే సీసా ఖాళీ. మా అమ్మ తలకు రాసేసుకుంది. ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను. సాయంత్రం నాలుగు గంటలప్పుడు మిట్ట కొనకు వచ్చి, ఇంజను ఆపి, గేరు తీసి వదిలాను. కారు గాలి పాట పాడుకుంటూ దిగుతోంది. సావుకారి వెనక ఆవలిస్తున్నాడు.

మలుపు దగ్గర తొక్కాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోసారి నొక్కి పెట్టాను. కాలు నేలకు తగిలింది. ఆరు, ఏడు. నేలే. పెడలు కింద నుంచి ఉత్త గాలి చప్పుడు వచ్చింది. గేరు వేద్దామని తోశాను. ముసలి గేర్ బాక్సు, ఆ వేగంలో పట్టలేదు, పళ్లు కొరికి నా చెయ్యి విదిలించేసింది. అప్పుడు హ్యాండ్ బ్రేకు గుర్తొచ్చింది. గట్టిగా లాగాను. సావుకారి గొడుగు చేతికొచ్చింది.

"ఏమిరా, ఇంత స్పీడు పోతాండావు?"

"బ్రేకు లేదు సావుకారూ!"

"పొద్దున నిమ్మకాయలు తొక్కించినాం గదరా!"

"అవి ఆడనే నిలిచిపోయినాయి. మనమే నిలవలే!"

అలాంటి సమయంలో కూడా నా నోరు ఊరుకోలేదు చూడండి. మలుపు తిరిగాం. ఎదురుగా కల్వర్టు, గోడల్లేని కల్వర్టు, దాని మీద సరిగ్గా మధ్యలో గొర్రెల మంద. ఎడమ పక్క వంకలో గుండ్లు. ఇవతల రోడ్డు మీద మోకాలెత్తు ఉలవకట్టె, కుడి పక్కన ఇంకా తొక్కించని కుప్ప. ముసలమ్మ చేట పట్టుకుని నిలబడి ఉంది. హారను నొక్కాను. ఆమె నా మొహం చూసింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె చూసింది నా మొహం కాదు, చక్రాలు. చేట పక్కకు విసిరేసి, గట్టిగా, "కుప్పలోకి! కుప్పలోకి తిప్పు నాయనా!" అని అరిచింది. తన ఏడాది తిండిని తానే చూపించింది.

తిప్పాను. ముందు చక్రాలు పరిచిన కట్టెలోకి దిగగానే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టయింది. తీగలు ఇరుసుకు చుట్టుకున్నాయి. కారు అడ్డంగా ఊగి, కుప్పలోకి దూరి, బానెట్టు దాకా మునిగి, ఒక నిట్టూర్పు విడిచి ఆగింది. అద్దం ముందు ఉలవకాయలు తప్ప ఏమీ కనబడలేదు. పట్టుతాడు తెగి ఎడమ తలుపు ఊడిపోయింది. సావుకారి ముందు సీట్లో నా పక్కన ఉన్నాడు. వెనక నుంచి ముందుకు ఎలా వచ్చాడో ఆయనకూ తెలియదు.

దేవుడికి దండం పెట్టేలోపు పొగ వాసన. సైలెన్సరు ఇంకా కాలుతూనే ఉంది, దాని చుట్టూ ఎండు కట్టె. పెట్రోలు ట్యాంకు అక్కడికి మూడడుగులు. నేను డిక్కీ దగ్గరికి పరుగెత్తాను. నా నీళ్ల డబ్బాలు పొద్దుననే రేడియేటరు తాగేసింది, సాయంత్రం నింపడం మరిచాను. నిలబడి చూస్తున్నాను. 

ముసలమ్మ గుడిసెలోంచి బిందె తెచ్చి కారు కింద కుమ్మరించింది. మళ్లీ లోపలికి పోయి రెండోది తెచ్చింది. ఆమె ఇంట్లో ఉన్నవి రెండే. రెండు మైళ్ల నీళ్లు, రెండు గుక్కల్లో అయిపోయాయి. పొగ చచ్చింది. అప్పుడు ఆమె కూర్చుంది. తడిసి, కాలి, మట్టిలో కలిసిన ఉలవల్ని పిడికిట్లోకి తీసుకుని చూసి, మళ్లీ కింద పోసింది.

"అవ్వా, దెబ్బలేమన్నా..." అన్నాను.

"నాకేమీ కాలే. మీ సావుకారి యాడున్నాడో చూడు ముందు."

ఆ సాయంత్రం పొద్దు వాలేదాకా నేనూ సావుకారీ రోడ్డు మీద వంగి ఉలవలు ఏరాం. పోగు తెగితే వంద గజాల దూరం నుంచి కనిపెట్టే సావుకారి కళ్లు కంకరలో గింజలు వెతికాయి. ఆయన పట్టు పంచెలో గింజలు మూట కట్టి ముసలమ్మ ముందు పెట్టి, ఊడిపోయిన తలుపు వైపు, ఆ తర్వాత ముందు సీట్లో పడి ఉన్న గొడుగు వైపు చూశాడు. "బెంగుళూరికి జాబు రాయించు" అన్నాడు. ఆ గొడుగును మళ్లీ హ్యాండ్ బ్రేకుకు తగిలించలేదు.

కాలింది, తడిసింది పోగా కుప్పలో మూడొంతుల్లో రెండొంతులు మిగిలింది. వాషర్లు వచ్చేదాకా బండి షెడ్డులోనే. నేను మాత్రం సావుకారి పంపిన ఎడ్లబండి తోలుకుని నాలుగు రోజులు మిట్ట దగ్గరికి పోయి, ఆమెకు కట్టె తొక్కించాను. ఎడ్లు నా మాట వినలేదు, ఆమె మాట విన్నాయి. పోయిన మూడో వంతు సంగతి ఆమె ఎత్తలేదు. సావుకారి ఒక మూట జొన్నలు పంపాడు. ఆమె కొలిచి, తన మూడో వంతుకు సరిపోయినన్ని తీసుకుని, మిగిలినవి నా బండిలోనే వెనక్కి పంపింది.

కొత్త వాషర్లు వచ్చాయి. హ్యాండ్ బ్రేకుకు కొత్త తీగ పడింది. మేస్త్రీ ఆముదం సీసాను నా ఎదురుగానే బయటికి విసిరాడు. మొదటిసారి ఒక్క తొక్కుకు చక్రాలు పట్టినప్పుడు నాకు కన్నీళ్లొచ్చాయంటే నవ్వకండి. కారంటే పోవడం అనుకున్నాను అంతవరకు. ఇన్నేళ్లలో ఎన్నో కొత్త కార్లు తోలాను. కొన్నవాళ్లందరూ ఎంత వేగం పోతుందని అడుగుతారు. ఎంత దూరంలో ఆగుతుందని అడిగినవాణ్ని నేనింకా చూడలేదు. అద్దానికి దేవుడి బొమ్మ, బంపరుకు నిమ్మకాయ, లోపల నడుముకు కట్టుకునే బెల్టు మాత్రం సీటు కింద మడతపెట్టి ఉంటుంది. మా సావుకారి పోయాడు గానీ, ఆయన సంతానం తక్కువేమీ కాదు.

బాగుచేయించిన మర్నాడు మిట్ట దిగాను. ఇంజను ఆపలేదు, గేరు తీయలేదు. మెల్లగా వచ్చి, ముసలమ్మ గుడిసెకు సరిగ్గా ఎదురుగా ఒక్కసారి బ్రేకు నొక్కాను. కారు అంగుళం జరగకుండా టక్కున ఆగింది. ఆమె గుమ్మంలో కూర్చుని ఉలవలు చెరుగుతోంది. కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఛాతీ విరుచుకుని అన్నాను:

"చూస్తివా అవ్వా! ఎట్ల నిలబడిందో! ఇట్లాంటి బండి ఈ జిల్లాలో ఇంకొకటి ఉండాదా?"

ఆమె చేటలో ఉలవల్ని ఒకసారి ఎగరేసి పట్టుకుంది. తల ఎత్తకుండానే అంది:

"నా ఎద్దు 'హో' అంటే నిలబడేది నాయనా. నీ దానికి నిలబడేది నేర్పీదానికి నా ఏడాది పంట పట్టింది."